మంచి నేల

ఒకరికి మేలు చేయవలెనను కోరిక గలవారు లోకమున తక్కువగా లేరు. అయినను, కీడు చేయనెంచి కీడు చేయువారికంటె మేలు చేయనెంచి కీడు చేయువారి సంఖ్య తక్కువ కాదని మాకు తోచుచున్నది. దుర్మార్గుని బారినుండి తప్పించుకొనుటకు లోకము కొన్ని సాధనములు కల్పించుకొన్నది. చట్టము కలదు, న్యాయస్థానము కలదు, నలుగురి నోళ్లు కలవు. కాని మంచి మనసుతో, తన సొమ్ము ఖర్చుపెట్టి, రేయింబవళ్లు శ్రమపడి మనలను వాడిపోవునట్లు చేయువాని బారినుండి తప్పించుకొనుటకు ఏ న్యాయస్థానమును లేదు. ఎవరితో చెప్పుకొందుము? ఏమని చెప్పుకొందుము? ఆయన మనకు తక్కువ చేసినదేమి?

ఈ ప్రశ్నను విచారించుటకు మేము ఒక పొదను ఆధారముగా గైకొనుచున్నాము. పొద యెక్కడ, ధర్మవిచార మెక్కడ యని పాఠకులు నవ్వవచ్చును. కాని పెరటిలో నాలుగు మొక్కలు పెంచిన యిల్లాలికి ఈ నవ్వు రాదు. ఎవరికెంత నీరు పోయవలెను, ఎవరిని ఎండలో నుంచవలెను, ఎవరిని కత్తిరింపవలెను అను విచారణ ఆమె ప్రతిదినమును చేయుచునే యున్నది. గ్రంథములు ధర్మసూక్ష్మమని పిలుచునది ఇట్టి విచారణయే.

అమెరికా దేశపు తూర్పుతీరమున బ్లూబెర్రీ అను పండు కలదు. ఇటీవల మన పట్టణములలోని పెద్ద దుకాణములలో చిన్న పెట్టెలలో పెట్టి పెద్ద వెలకు అమ్ముచున్నారు గనుక పాఠకులలో కొందరైనను చూచియుందురు. రంగు నేరేడుకు దగ్గర. పరిమాణమున బఠాణీగింజకంటె పెద్దది. పైన విభూతి పూసినట్లు ఒక తెల్లని పూత. కొనయందు అయిదు మొనల నక్షత్రము. వృక్షశాస్త్రజ్ఞులు దీని కులమును వాక్సీనియమ్ అందురు. దీని జ్ఞాతులు మన నీలగిరి కొండలలోను, తూర్పు హిమాలయములలోను కలవు. అమెరికాలో తోటలయందు పెంచు ఎత్తుజాతి పొద ఆరేడు అడుగులు పెరుగును. మంచి చోట నాటినచో రెండు మూడు తరములవారికి పండ్లనిచ్చును. వసంతమున చిన్న గంటలవంటి తెల్లని పూలు, వేసవిలో పండ్లు, శరత్కాలమున ఎర్రని ఆకులు: ఇంటిముంగిటికి ఇంతకంటె శోభ యేమి కావలెను?

అయినను నూటయిరువది యేండ్ల క్రిందటివరకు ఈ పొదను తోటలో పెంచినవారు లేరనియే చెప్పవచ్చును. ఆ దేశపు ఆదివాసులు తరతరములుగా అడవిపండ్లను కోసి, ఎండబెట్టి, చలికాలమునకు నిలువచేసికొనుచుండిరి. ఈశాన్య ప్రాంతమున పొట్టిజాతి పొదలున్న బీళ్లను అప్పుడప్పుడు కాల్చి, కొత్త చిగురు వేయునట్లు చేయు విద్యయు వారికి తెలిసియుండెను. తరువాత వచ్చిన తెల్లవారు ఆ పొదలను పెకలించి తెచ్చి తమ తోటలలో నాటిరి. అవి చచ్చెను. మరల నాటిరి. మరల చచ్చెను. అంతట వారొక సిద్ధాంతము చేసికొనిరి: ఈ పొద మచ్చికకు లొంగదు; అడవిలో పుట్టినది, అడవియే దాని ధర్మము; దీనికి నాగరకత యబ్బదు. ఈ వాక్యమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో మనకు ముందు పని యున్నది.

అమెరికా వ్యవసాయశాఖలో ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు (1867–1937) ఉండెను. ఆయన 1906లో ఈ పొదను గూర్చి పరీక్షలు మొదలుపెట్టి, 1910లో తన ఫలితములను ఒక చిన్న గ్రంథముగా ప్రకటించెను. ఆయన చేసినది చెప్పుటకు సులభము. పొద యేల చచ్చుచున్నదని పొదను నిందింపక, మట్టిని ప్రశ్నించెను. బాగుగా ఎరువు వేసిన తోటమట్టిలో కొన్ని మొలకలను, సున్నము కలిపిన మట్టిలో కొన్నిటిని, బంకమట్టిలో కొన్నిటిని, బురదనేలలలో దొరకు పులిసిన ఆకుమట్టిలో కొన్నిటిని పెంచి చూచెను. మిరపకును, వంగకును, గులాబికిని ఏ మట్టి అమృతప్రాయమో ఆ మట్టిలో ఇవి క్షీణించెను. రైతు పనికిరాదని వదలివేయు పుల్లని, పేదమట్టిలో ఇవి కళకళలాడెను.

కారణము ఇప్పుడు స్పష్టముగా తెలిసియున్నది. మట్టి పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను కొలత నుపయోగింతురు. అందు 7 అనగా పులుపును కాదు, క్షారమును కాదు. అంకె ఒకటి తగ్గినప్పుడెల్ల పులుపు పదిరెట్లు పెరుగును. కూరగాయలలో పెక్కు 6కును 7కును నడుమ సుఖముగా నుండును. ఈ పొదకు 4.5 మొదలు 5.5 వరకు కావలెను. అంతకుమించినచో మట్టిలో ఇనుము ఎంత యున్నను దీని వేళ్లకు అందదు. ఆకు పసుపుబారును, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును. విందు నడుమ కూర్చుండి ఆకలితో చచ్చుట యన్నమాట. అదిగాక దీని వేళ్లకు ఇతర మొక్కలకుండు నూగు లేదు. సన్నని వేళ్లలో ఒకవిధమైన శిలీంధ్రము కాపురముండి, పుల్లని ఆకుమట్టినుండి ఆహారము తెచ్చి పెట్టును. ఆ చెలిమికి తగిన యిల్లు ఆ పులుపుమట్టియే. మనము మంచి నేల యనుకొని ఇచ్చినచో చెలికాడు నిలువడు.

కావున మంచి నేల యనగా నేమి? ఎవరికి మంచిది యని యడుగనిదే ఈ ప్రశ్నకు సమాధానము లేదు. సారవంతము అను మాట సంపూర్ణమైన మాట కాదు. దానము, విద్య, స్వేచ్ఛ, గౌరవము అను మాటలును అట్లే చతుర్థీ విభక్తిని కోరుచున్నవి. 'కొరకు' అను పదమును తీసివేసినచో అవి వినుటకు గంభీరముగా నుండును గాని పనిచేయవు. పదకొండవ శతాబ్దమున కాశ్మీర పండితుడైన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని వాదించెను. మెడలో నుండవలసిన హారమును నడుమునకు కట్టినచో హారపు దోషము లేదు, నడుము దోషము లేదు, కట్టినవాని దోషము. కావ్యమునకు చెప్పిన ఈ మాట కాపురమునకు ఇంకను ఎక్కువగా చెల్లును.

న్యూజెర్సీ రాష్ట్రమున తెలుగు కుటుంబములు చాలా కలవు. ఈ పొదకు పుట్టినిల్లును అదియే. అచ్చట స్థిరపడిన మా పూర్వశిష్యుడొకడు ఇట్లు వ్రాసెను: "మాస్టారూ, ఇంటి వెనుక రెండు బ్లూబెర్రీ పొదలు నాటినాము. మా అమ్మ ఊరినుండి వచ్చినప్పుడు వాటికి పొయ్యి బూడిద, పేడ ఎరువు దండిగా వేసినది. బీరపాదుకు వేసినట్లే వేసినది. మరుసటి యేడు రెండూ పోయినవి. ఆమె మూడు దినములు సరిగా అన్నము తినలేదు." ఆ తల్లి చేతిలో లోపము లేదు. బూడిద క్షారము; అది బీరపాదుకు బలము, ఈ పొదకు విషము. ఆమె ప్రేమ నిజమైనది, అనుభవము నిజమైనది. రెండును వేరొక మొక్కను గూర్చినవి.

అదే యింటిలో ఒక కరివేపాకు మొక్కయు కలదట. చలి మొదలగుటకు ముందే దానిని కుండీతో ఎత్తి యింటిలోనికి తెచ్చి, కిటికీ యొద్ద ఎండ తగులు చోట నుంచి, నీరు తగ్గించి, పసిబిడ్డను కాపాడినట్లు కాపాడుదురు. మంచులో నిలువలేకపోయినది గనుక ఇది అప్రయోజకమైన మొక్క యని ఆ యింటిలో నెవ్వరును అనరు. తనదనుకొన్న దాని స్వభావమును మనుష్యుడు అడుగకయే గౌరవించుచున్నాడు. పరాయిదానియందు మాత్రమే, మా పద్ధతికి లొంగలేదేల యని కోపగించుచున్నాడు. అచ్చటి కరివేపాకు మొక్కకు చేయు న్యాయమును ఆ నేల బిడ్డయైన పొదకును చేయుట యెట్లో నేర్చుకొనవలసి యున్నది. మాకు కనబడునంతవరకు నీతివిద్య యంతయు ఈ కొంచెము దూరమే.

ఇప్పుడు ఇంటిలోనికి వత్తము. ఆడుబిడ్డను పెండ్లిచేసి పంపుటను మనవారు పుట్టింటి మొక్కను మెట్టినింట నాటుటగా చెప్పుచుందురు. నాటినవారిని అడిగినచో ఏమందురు? "మేమేమి తక్కువ చేసితిమి? పనిమనిషి నుంచితిమి, నగలు చేయించితిమి, కాలు క్రింద పెట్టనిచ్చుట లేదు." ఆ పిల్ల ఆకు మాత్రము పసుపుబారుచున్నది. చదువుచుండిన చదువు నడుమ ఆగినది. చేయుచుండిన ఉద్యోగము, పరువు తక్కువ యని మానిపింపబడినది. పలుకరించు స్నేహితురాలు లేదు. ఎరువు రాశిగా నున్నది. వేరునకు కావలసిన పులుపు లేదు. అత్తమామలు దుర్మార్గులు కారు. వారు ఒక్క ప్రశ్న అడుగలేదు, అంతే. అడుగుటలో నామోషీ యున్నదని మనలో చాలమంది యనుకొందురు: పెద్దలకు తెలియదా? కోవిల్ పండితునకు వృక్షశాస్త్రమంతయు తెలిసియుండియు, మొలకలను వేరువేరు మట్టులలో నుంచి అడిగెను. తెలిసినవాని లక్షణము అది.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ వచ్చును. దానిని దాచుట మాకు ఇష్టము లేదు. "ఎవరి నేల వారికి తగినది యనుచున్నారు. అనగా ఎవరి స్థానము వారికి తగినదనియే గదా? చదువు కొందరి నేల, చాకిరి కొందరి నేల అని మా తాతలు చెప్పినదియు ఇదియే. సంస్కారవాదులు చుట్టు తిరిగి అచ్చటికే వచ్చిరి" అని ఒకరు అనవచ్చును. ఈ పోలికను ఆ దారిని నడిపించుట సులభము. వెనుక చాలమంది నడిపించిరి. కావున విడదీసి చూతము.

మొదటిది. పొదకు నాగరకత యబ్బదని చెప్పినవారు ఎవరు? పరీక్ష చేయనివారు. తగిన మట్టి ఇచ్చిన పిమ్మట అదే పొద అడవిలో ఎన్నడును కాయనంత పెద్దపండ్లు కాచినది. 'అది దాని స్వభావము' అను మాట ఇచ్చట విచారణకు ఫలితముగా రాలేదు, విచారణను మానుకొనుటకు సాకుగా వచ్చినది. మన దేశమున కొన్ని కులములవారికిని, స్త్రీలకును విద్య యబ్బదని చెప్పినవారును పరీక్షచేసి చెప్పలేదు. బడి తలుపు మూసి, లోపలికి రాలేదు గనుక రాలేరని తీర్మానించిరి. తలుపు తెరచిన పిమ్మట ఏమైనదో అందరమును చూచితిమి. ఈ పొద వారి వాదమునకు సాక్షి కాదు. ప్రతివాది పక్షపు సాక్షి.

రెండవది. పొదకు కావలసిన దేమో పొద ఆకు చెప్పినది, పొద పండు చెప్పినది. తోటవాడు తన సౌకర్యము కొరకు చెప్పలేదు. ఎవరికి ఏది తగునో వారి ఎదుగుదలయే చెప్పవలెను గాని, వారి చాకిరి వలన లాభపడువారు చెప్పరాదు. స్వధర్మమను గొప్పమాటను మన పెద్దలలో కొందరు పాడుచేసినది ఇచ్చటనే. ఎవరి స్వధర్మమును వారే వెదకికొనవలసి యుండగా, ఒకరి స్వధర్మమును మరియొకరు వ్రాసి యిచ్చిరి.

మూడవది. గుణము పుట్టిన గుంపును బట్టి గాక, ఒక్కొక్క పొదను బట్టి నిర్ణయింపబడినది. దీనికి ఒక మంచి కథ కలదు. న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అను చోట క్రాన్‌బెర్రీ తోటలు గల ఒక గృహస్థుని కుమార్తె, ఎలిజబెత్ వైట్ అను నామె (1871–1954), కోవిల్ గ్రంథమును చదివి 1911లో వ్యవసాయశాఖకు వ్రాసి, పరీక్షలకు తమ భూమిని, మనుష్యుల సాయమును ఇత్తుమనెను. పిమ్మట చుట్టుపట్ల అడవులలో పండ్లేరుకొని జీవించు బీదవారిని పిలిచి, 5/8 అంగుళపు రంధ్రము గల ఒక కొలతరేకును వారి చేతికిచ్చి, ఈ రంధ్రమున దూరనంత పెద్దపండ్లు కాయు పొదను చూపినవారికి పైకమిత్తుననెను. పొదకును పైకమిచ్చెను, దారి చూపిన కాలమునకును ఇచ్చెను. అంతేకాదు, పొదకు దానిని కనిపెట్టినవాని పేరు పెట్టెను. రూబ్ లీక్ అనువాడు చూపిన పొదకు 'రూబెల్' అని పేరు. నూరేండ్లు దాటినను ఆ రకము ఇప్పటికిని తోటలలో పెరుగుచున్నది. 1916లో తోటపంటయైన బ్లూబెర్రీ మొదటిసారి అంగడికి వచ్చెను.

ఈ కథలో పండితుని శాస్త్రమును, యజమానురాలి భూమియును ఎంత ముఖ్యములో, అడవిలో ఏ మలుపున ఏ పొద యున్నదో యెరిగిన కూలివాని జ్ఞానమును అంత ముఖ్యము. ఆ మూటిలో మూడవదానికి పేరు పెట్టవలెనని తోచుట సామాన్యము కాదు. మన గ్రామములలో విత్తనమును ఏరి, దాచి, మరుసటి యేటికి అందించిన ఆడువారెందరు! వారి పేరుతో నున్న వరి రకము ఒక్కటి చెప్పుమన్నచో మేము చెప్పలేము. న్యాయమునకు సంపూర్ణత కూడ కావలెను గనుక ఇంకొక మాట. కూలివారి పేర్లు నిలిచినవి గాని, ఆ పండును వారికంటె ముందు వేల యేండ్లుగా ఎరిగియుండిన ఆదివాసుల పేర్లు ఏ పొదకును తగులలేదు. కృతజ్ఞత ఎంత దూరము వెనుకకు పోయిన అంత నిజమైనదగును.

మేము ఇరువది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పుచున్నాము. 'వీనికి చదువు అబ్బదు' అను వాక్యమును ఉపాధ్యాయుల గదిలో విననివారము కాము. మన మన్యప్రాంతములలో శవర, కోయ, గోండు పిల్లలు ఇంటిలో ఒక భాష మాటలాడి బడికి వచ్చి, ఎన్నడును వినని మరియొక భాషలో ఆ దినమే పాఠము విందురు. తెలుగు మాటలాడు పిల్లవానికి మంచిదైన పుస్తకము, మంచిదైన బల్ల, మంచిదైన పంతులు: అన్నియు ఉన్నవి. పిల్లవాడు మాత్రము మూడేండ్లలో బడి మానును. అప్పుడు మనము అతని స్వభావమును గూర్చి సిద్ధాంతము చేయుదుము. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నప్పుడు ఈ సిద్ధాంతమును ఒప్పుకొనలేదు. తామే శవరభాషను నేర్చుకొనిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసి, ఆ పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. వారి శవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. పండితుడు పిల్లవాని నేలకు దిగి మట్టిని చేతబట్టి చూచెనన్నమాట. పిల్లవానికి తెలుగు వద్దని ఆయన యనలేదు. మొదట వేరు నిలువనిమ్మనెను.

రెండవ ఆక్షేపణ యిది: "ప్రతివారికిని వారికి తగిన నేలను వెదకి యిచ్చుట ఎవరి తరము? మనుష్యుడు ఏ నేలనైనను బ్రతుకుటకు అలవాటు పడవలదా? నలుబదిమంది పిల్లలున్న తరగతిలో నలుబది మట్టులు కలుపుదుమా?" ఇందు సత్యము కొంత కలదు. దానికి బదులు కూడ ఈ పొద చరిత్రలోనే యున్నది. ఉత్తరపు పొద పూయుటకు చలి కావలెను. సుమారు ఎనిమిదివందలు మొదలు వేయి గంటలు, ఏడు డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువ చలిలో అది నిద్రింపవలెను. ఫ్లోరిడా వంటి వెచ్చని చోట అంత చలి లేదు. అచ్చటి విశ్వవిద్యాలయమున రాల్ఫ్ షార్ప్ అను శాస్త్రజ్ఞుడు ఈ పొదను, ఫ్లోరిడా అడవులలో సహజముగా పెరుగు దాని పొట్టిజ్ఞాతితో సంకరము చేసి, ఏండ్ల తరబడి ఏరి ఏరి, తక్కువ చలితోనే పూయు రకములను సిద్ధపరచెను. వాటిలో 'షార్ప్‌బ్లూ' అనునది 1976లో వెలువడినది. కావున అలవాటు పడుట సాధ్యమే. కాని అది పొదను ఎండలో నిలువబెట్టి, ఓర్చుకొమ్మని ఉపన్యసించుటచేత కాలేదు. ఆ నేలలో ముందునుండి యున్నదానితో కలియుటచేత, కాలముచేత, ఓపికచేత అయినది. క్రొత్త నేలకు పోయినవారు మారవలెననువారు, ఆ నేలవారును కొంత కలియవలెనని మరువరాదు.

ఈ సందర్భముననే పొద చెప్పు మరియొక మాట. ఒకే రకపు పొదలను నాటినదానికంటె, వేరు రకపు పొద ప్రక్కన నున్నప్పుడు ఎత్తుజాతి బ్లూబెర్రీ ఎక్కువగాను, పెద్దవిగాను కాచును. తన పుప్పొడితో తానే ఫలించునప్పుడు పంట సన్నగిల్లునని కోవిల్ నాడే చూచెను. మావి మాలోనే యుండవలెనను గర్వమునకు ఈ పొద ఫలమిచ్చుటలో లోభము చూపును. అయితే ఉపమానము ప్రమాణము కాదని తర్కము చదివిన మాకు తెలియును. పొద ఇట్లు చేయుచున్నది గనుక మనుష్యుడును ఇట్లు చేయవలెనని మేమనుట లేదు. మనుష్యులు కలిసి బ్రతుకవలెననుటకు మనుష్యత్వమే చాలును. ప్రకృతి తమ పక్షమని చెప్పి వేరుపాటును సమర్థించువారికి మాత్రము, ప్రకృతి వారి పక్షమున లేదని చూపుచున్నాము.

నలుబది మట్టుల మాట కొంచెము మిగిలినది. తోటలో పది పొదలున్నను వాటిని నాటుటకు ఒక్కటే విధి: ముందు మట్టిని పరీక్షింపుము. విధి అందరికిని సమానము. ఫలితముగా చేయు పని వేరువేరు. సమానత్వము ఎచ్చట నుండవలెనో ఇప్పుడు తెలియుచున్నది. పెట్టునదానియందు కాదు, పెట్టుటకు ముందు చూపు శ్రద్ధయందు. ఉపాధ్యాయుడు నలుబది పాఠములు చెప్పలేడు. నలుబది ముఖములను చూడగలడు. గృహిణి పదిమందికి పది వంటలు వండనక్కరలేదు. ఎవరి విస్తరిలో ఏది మిగిలిపోవుచున్నదో గమనింపవచ్చును.

స్వభావమును గౌరవించుట యనగా అడిగినదెల్ల ఇచ్చుట యని ఎవరును భ్రమపడరాదు. ఈ పొదను ప్రేమించు తోటమాలి దాని యెడల చాల కఠినముగా నుండును. నాటిన మొదటి రెండేండ్లు వచ్చిన పూలనెల్ల గిల్లివేయును. అప్పుడే కాయనిచ్చినచో వేరు బలపడదు. ప్రతి శీతకాలాంతమునను ముసలికొమ్మలను మొదటికి కోసివేయును. పండు నీలిరంగు తిరిగిన దినముననే కోయక మరి మూడు నాలుగు దినములు ఆగును. కోసిన పిమ్మట దానికి తీపి రాదు. నేల పులుపు చాలనిచో గంధకము కలుపును. అదియు ఒక్కదినమున పనిచేయదు. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని మెల్లగా ఆమ్లముగా మార్చవలెను గనుక నాటుటకు ఏడాది ముందే కలుపును. ఇన్నియు నిగ్రహములే. నాలుగేండ్ల బిడ్డను సభలలో పద్యములు పాడించి మెచ్చుకోలు పండ్లు కోసికొను తలిదండ్రులు ఈ పూలు గిల్లు తోటమాలిని చూచి కొంచెమాలోచింతురు గాక. నిగ్రహమునకును పీడనకును భేదమేమనగా, నిగ్రహము ఎవరి యెదుగుదల కొరకో వారి ఆకు పచ్చబడును.

మన కృష్ణాతీరపు నల్లరేగడిలో ఈ పొదను నాటుడని మేము చెప్పుట లేదు. ఆ నేల క్షారము, మన వేసవి నిప్పు, మన చలికాలము దానికి కునుకుపాటుకైనను చాలదు. దుకాణములో చూచి ముచ్చటపడి తెచ్చి చంపుటకంటె మన యెండను ఓర్చు నేరేడును నాటుట మేలు. ఇదియు పొద నేర్పిన పాఠమే: ప్రేమ కొన్నిసార్లు నాటకుండుటయందుండును.

ఇకమీద మనము ఎవరికైనను మేలు చేయబూనినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందుము. ఇది నాకు మంచిదని ఇచ్చుచున్నానా, అతనికి మంచిదని ఇచ్చుచున్నానా? అతనికి మంచిదని నాకు తెలిపిన దెవరు: నా అలవాటా, అతని ఆకా? ఈ రెండును అడిగినవానికి పశ్చాత్తాపము తక్కువ. ఒకప్పుడు అడిగియు పొరబడవచ్చును. అయినను పొద వాడినప్పుడు అతడు పొదను తిట్టడు. వంగి, పిడికెడు మట్టి తీసి, మరల చూచును.